ఎవరూ పిలవని పేరు

పోయిన వారం గిరిజను మనం మిర్యాలగూడలో, వాళ్ల నాయన నరసయ్య సేటు బియ్యం మిల్లు గోదాములో, తెల్లగుడ్డ తెర వెనక వదిలి వచ్చాం. చేతిలో రేకు బూర. తెరకు అవతల మగవాళ్లు, ఇవతల ఆడవాళ్లు. కిటికీలకు గోనెపట్టాలు కట్టి పట్టపగలే చీకటి చేశారు. కోదాడలో ఫోటో స్టూడియో నడిపే బ్రహ్మయ్య ప్రొజెక్టరుకు రీలు ఎక్కించాడు. పదిహేడేళ్ల గిరిజ తన చేత్తో తీసిన మొదటి బొమ్మ అది. ఇక దీపం వెలగబోతుందనగా తలుపు కిర్రుమంది. ఇద్దరు జవాన్లను వెంటబెట్టుకుని, పిలవని ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. పోలీసు యాక్షన్ అయిన తరవాత కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. సంఘపోళ్ల కోసం, అంటే అడవుల్లో దాక్కున్న కమ్యూనిస్టుల కోసం, ఊరూరా గాలిస్తున్న మనిషి.

నరసయ్య తన కుర్చీ ఆయనకిచ్చి బస్తా మీద కూర్చున్నాడు.

"మీ అమ్మాయి సినిమా తీసిందటగా సేటుగారూ. చూసిపోదామని వచ్చాను."

"సినిమా ఏం సినిమా సారూ. పిల్లలాట."

ఆ మాట గుడ్డ తెరను దాటి వచ్చి గిరిజకు ముల్లులా గుచ్చుకుంది.

ఆట కాదని ఆమెకు తెలుసు, బ్రహ్మయ్యకు తెలుసు. యుద్ధంలో సోల్జర్లకు బొమ్మలు చూపించిన ప్రొజెక్టరును బెజవాడ వేలంలో కొని తెచ్చిన నాటి నుంచి బ్రహ్మయ్య కోదాడలో ఒక వింత బడి పెట్టాడు. ఆసక్తి ఉన్న పిల్లలకు చావి తిప్పితే నడిచే తన కెమెరా ఇచ్చి బొమ్మ తీయమంటాడు. రీలును బొంబాయి పంపి కడిగించి తెప్పిస్తాడు. అయితే ఆ బడికి ఒక కట్టుబాటు ఉంది. తీసినవాళ్లు రీలును ముందుగా చూడకూడదు. జనంతో పాటే, జనం మధ్యనే, మొదటిసారి చూడాలి.

"ముందే చూసుకుంటే మన తప్పులకు మనమే సాకులు తయారు చేసుకుంటం. జనం ఎక్కడ ఆవులిస్తరో, ఎక్కడ మెడ చాపుతరో చెవులతో వినాలి. అదే చదువు," అంటాడాయన.

కోదాడలో జవహర్ అనే కుర్రవాడు తీసిన బొమ్మలో మనుషుల తలలన్నీ తెరకు పైన పోయి మొండేలు మాత్రమే నడిచాయి. "మా తలకాయలు మాకియ్యరా నాయనా!" అని జనం గోల చేస్తే జవహర్ వారం రోజులు ఇల్లు కదల్లేదు. కానీ తరవాతి రీలులో ఒక్క తల కూడా పోలేదు. ఈ రోజు మిర్యాలగూడ జనం ఔనంటే గిరిజ బొమ్మ సూర్యాపేట అంగడిలో వేల మంది ముందు ఆడుతుంది. ఆమె చేతికి రెండో రీలు వస్తుంది. కాదంటే, కెమెరా ఇంకొకరి చేతికి పోతుంది.

"ఇగ కానియ్యి బిడ్డా," అంది పక్కన కూర్చున్న కొమురమ్మ.

బొమ్మంతా ఈ కొమురమ్మదే. మిల్లులో నూకలు చెరిగే ఆమెకు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా గడిచే ఒక రోజు. ఆమె మొగుడు ఈదయ్య ఒకప్పుడు ఇదే మిల్లులో బస్తాలు మోశాడు. సంఘంలో చేరి అడవి పట్టాడు. కిందటేడు మఠంపల్లి దగ్గర కృష్ణలో కొట్టుకుపోయాడని కబురు వచ్చింది. శవం దొరకలేదు. కొమురమ్మ బొట్టు చెరిపేసుకుంది, గాజులు తీసేసింది. పోలీసులు కూడా ఆ పేరు కొట్టేసి, వెతకడం మానుకున్నారు.

ఇంజను షెడ్డులో డైనమో ఊపందుకుంది. తెర మీద వెలుగు పడింది.

మాటలు లేని బొమ్మ కాబట్టి మాటలు గిరిజే చెప్పాలి. నలుగురి ముందు నిలబడమంటే చచ్చిపోయే పిల్లకు ఆ గుడ్డే అడ్డం. బూర నోటి దగ్గర పెట్టుకుంది. మొదటి మాట పెదవి దాటలేదు. కొమురమ్మ మోచేత్తో పొడిచింది.

"కోడి... కోడి కూయకముందే లేస్తది కొమురమ్మ," అంది గిరిజ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

తెర మీద మిల్లు వాకిలి, ఎడ్లబండ్లు, మనుషులు. ఇంతకుముందెన్నడూ తమను తాము చూసుకోని జనానికి పిచ్చి పట్టినట్టయింది. కనిపించిన ప్రతి ముఖాన్నీ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు.

"అరే, మన లక్ష్మీనర్సమ్మ!"

"గాడ సూడు, వీరయ్య! బీడీ దాస్తుండు!"

"పాపయ్యా, నీ పొట్ట తెర నిండా ఉందిరో!"

"పొట్ట నాదే, బువ్వ సేటుది!" అని హమాలీ పాపయ్య చీకట్లోంచి కేక వేస్తే గోదాము అదిరింది. నరసయ్య కూడా నవ్వాడు. తెర మీది పాపయ్య ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటున్నాడు.

"ఏందే, పాపయ్య ఎడమచేత్తో తింటుండు?" అంది తెర వెనక ఒక ముసలామె.

"ఎనక కూసుంటే గంతే. మగోళ్లకు సక్కగ, మనకు ఉల్టా," అంది లక్ష్మీనర్సమ్మ. "మన బతుకే ఉల్టా, బొమ్మ సక్కగ ఉంటదా?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. గిరిజ కూడా నవ్వింది. భయం దిగిపోయింది. జనం ఆవులించడం లేదు. మెడలు చాపుతున్నారు. పేట అంగడి, ఆ వేల తలలు, రెండో రీలు అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

అప్పుడు వచ్చింది, ఊక కొట్టం బొమ్మ.

ఆ బొమ్మ తీసినప్పుడు గిరిజ అక్కడ లేదు. కెమెరా పట్టుకుని ఎదుట నిలబడితే తనకూ సిగ్గే, అవతలివాళ్లకూ సిగ్గే. అందుకని ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. కెమెరాకు చావి ఇచ్చి, ధాన్యం బస్తాల సందులో పెట్టి, మీట నొక్కి ఉంచేలా బిగించి, తను దూరంగా వెళ్లిపోయేది. మిల్లు మోతలో దాని చప్పుడు ఎవరికీ వినబడదు. చావి అయిపోయేదాకా అది తనంతట తాను చూస్తూ ఉంటుంది. మనుషులు మనుషుల్లా ఉంటారు.

తెర మీద నడుమ కొమురమ్మ నూకలు చెరుగుతోంది. గిరిజకు ఎడమ పక్క గుంజకు కట్టిన దూడ. కుడి పక్క, సగం నీడలో, ఊక కొట్టం తలుపు.

"ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. కొమురమ్మ చేతులు మాత్రం ఆగవు," అంటోంది గిరిజ.

తెర మీద కొమురమ్మ చేట దించింది. అటూ ఇటూ చూసింది. పక్కనున్న అంబలి ముంత తీసి, వెనక్కి తిరక్కుండానే, తలుపు వైపు చాపింది.

నీడలోంచి ఒక చెయ్యి వచ్చి ముంత అందుకుంది.

గిరిజ మణికట్టు మీద కొమురమ్మ వేళ్లు ఇనప పట్టులా బిగిశాయి. గిరిజ ఆమె ముఖం చూసింది. తెర వెలుగులో ఆ ముఖం తెల్లగా, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అరవబోతున్నట్టుంది, అరవడం లేదు.

నీడలోంచి చెయ్యి వెనకే భుజం వచ్చింది. గడ్డం వచ్చింది. మనిషి ముంత ఎత్తి తాగుతున్నాడు.

ఈదయ్య.

పోయినవాళ్లు అంబలి తాగరు. ముఖం ఇంకా ముంత చాటున ఉంది, సగం చీకట్లో ఉంది. ఎవరూ ఇంకా చూడలేదు. చూడకూడదు. ముంత దించేలోపు అందరి కళ్లూ ఇంకో దిక్కు తిప్పాలి. ఏదో ఒకటి చెప్పాలి. దూడ కనిపించింది, తనకు ఎడమ పక్క.

"ఎడమ దిక్కు!" గిరిజ బూరలోకి అరిచింది. "అందరు ఎడమ దిక్కు సూడుండ్రి! గా మూలకు సూడుండ్రి, తమాష!"

తెర మీద ఈదయ్య ముంత దించాడు. మూతి తుడుచుకుని, ఎండలోకి ఒక అడుగు వేసి, కొమురమ్మను చూసి నవ్వాడు. ముఖం మీద ఎండ పడింది.

గోదాములో ఒక్క గొంతు లేవలేదు.

ఇందాకటిదాకా కుక్క కనిపించినా పేరు పెట్టి పిలిచిన జనం. పాపయ్య పిలవలేదు. వీరయ్య పిలవలేదు. ఒకరి తరవాత ఒకరికి ఊపిరి బిగుసుకున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఆ తరవాత ప్రొజెక్టరు టకటక, దూరంగా ఇంజను మోత. అంతే. చావి అయిపోయి బొమ్మ మారింది. సాయంత్రం వెలుగు, బండి చక్రాలు, ఇంటికి పోతున్న ఆడవాళ్లు. గిరిజ బూర దించేసింది. రీలు తోక చక్రానికి తపతప కొట్టుకుంది.

"దీపం వెయ్యండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఎవరో కిటికీ గోనె ఎత్తారు. ఎండ నిలువుగా పడింది.

"బాగుందమ్మాయ్. చాలా బాగుంది," అన్నాడాయన తెర వైపు తిరిగి, నెమ్మదిగా. "ముఖ్యంగా ఎడమ పక్క చూడమన్నావు చూడు, మంచి పని చేశావు. నువ్వు చెప్పకపోతే ఆ చీకటి మూల నేను చూసేవాణ్ణే కాదు."

గిరిజకు లక్ష్మీనర్సమ్మ మాట గుర్తొచ్చింది. మగోళ్లకు సక్కగ, మనకు ఉల్టా. తనకు ఎడమ పక్క ఉన్న దూడ వాళ్లకు కుడి పక్క. వాళ్ల ఎడమ పక్కన ఉన్నది ఊక కొట్టం. దాచబోయి తానే వేలెత్తి చూపించింది.

ఇన్‌స్పెక్టరు లేచి జనం వైపు తిరిగాడు. "దాదాపు అందరికీ పేర్లున్నాయి. వీరయ్య, పాపయ్య, లక్ష్మీనర్సమ్మ. ఆ తాగినతనికి మాత్రం పేరు లేదేం?"

పాపయ్య తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"నిన్నే. ఎవరతను?"

"నేను దూడను సూస్తున్న సారూ."

"దూడ కుడి పక్కనుంది. నీ కళ్లు ఎక్కడున్నాయో నేను చూశాను."

"మాకు కుడెడమలు తెల్వది సారూ. బస్తా ఏ బుజమ్మీద వడితే గదే మా దిక్కు."

ఎవరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టరు కనుసైగ చేస్తే జవాన్లిద్దరూ ఊక కొట్టానికి పరుగెత్తారు. బయట ఊకలో బాయినెట్లు దిగుతున్న చప్పుడు లోపలికి వినిపించింది. కాసేపటికి తలనిండా దుమ్ముతో తిరిగొచ్చి తల అడ్డంగా ఊపారు. బొమ్మ తీసి నెల దాటింది. అక్కడ ఎవరుంటారు?

"సరే. ముంత ఇచ్చినామె పేరైతే బూరలోనే వినబడింది. కొమురమ్మ ఎవరు?"

తెర వెనక ఆడవాళ్లందరూ తల వంచుకున్నారు. కొమురమ్మ గిరిజ చెయ్యి వదిలింది. లేవలేదు. కూర్చున్న చోటి నుంచే, గుడ్డకు ఇవతలి నుంచే, పలికింది.

"నేనే సారూ."

"ఎవరతను?"

"ఎవలో తొవ్వన వోయేటాయన. దూపైతుందన్నడు. అంబలుంటే ఇచ్చిన."

"పేరు?"

"దూపైనోని పేరడిగి ఇస్తరా సారూ? మీ దిక్కు గట్ల అడుగుతరేమో, మా దిక్కు అడగరు."

నరసయ్య నుదురు తుడుచుకున్నాడు. "ముండమోసిన మనిషి సారూ. మొగుడు కృష్ణల వోయిండు. ఆమె మాటలు పట్టించుకోకుండ్రి," అన్నాడు గబగబా.

ఆ మాట కాపాడిందో, ముంచిందో గిరిజకు అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టరు మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు.

"మొగుడు పోయాడా. పాపం," అన్నాడు. "మళ్లీ వెయ్యండి బ్రహ్మయ్యగారూ. ఈసారి అతను నవ్వే చోట ఆపండి. ముఖం తీరిగ్గా చూడాలి. తీసినవాళ్లకే తెలుస్తుంది ఎక్కడ ఆపాలో. అమ్మాయిని ముందుకు రమ్మనండి."

గిరిజ తెర పక్క నుంచి మగవాళ్ల ముందుకు నడిచింది. పుట్టి బుద్ధెరిగాక ఇంతమంది ముందుకు రావడం అదే మొదలు. కొంగు భుజం చుట్టూ లాక్కుంది. ఒక్కరు కూడా ఆమె వైపు చూడలేదు. అందరూ నేలను చూస్తున్నారు.

బ్రహ్మయ్య రీలు వెనక్కి చుట్టి ఎక్కించాడు. కిటికీ మళ్లీ మూశారు. కోడి, వాకిలి, బండ్లు, పాపయ్య పొట్ట. ఈసారి ఎవరూ ఎవరినీ పిలవలేదు. కొమురమ్మ చేట దించింది. ముంత చాపింది. చెయ్యి వచ్చింది.

"ఆపడానికి సిద్ధంగా ఉండండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"సార్, ఇది ఆపేది కాదు," అన్నాడు బ్రహ్మయ్య. "ఆపితే ఏమవుద్దంటే..."

ఏమవుతుందో గిరిజకు తెలుసు. ఆయనే మొదటి పాఠంలో చెప్పాడు. దీపం వేడికి ఫిలిం పరుగెత్తుతూ ఉన్నంతసేపే బతుకుతుంది, నిలిస్తే కాలిపోతుంది. ఈ రీలుకు ఇంకో ప్రతి లేదు. కెమెరాలో తిరిగిందే కడిగించుకుని వచ్చింది. కాలితే ఆమె బొమ్మ కాలినట్టే. పేట అంగడి పోయినట్టే. ఆ కెమెరా మళ్లీ ఆమె చేతికి రానట్టే.

ఈదయ్య ముంత దించాడు. ఎండలోకి అడుగు వేశాడు.

"ఆపుండ్రి మామా!" అంది గిరిజ.

బ్రహ్మయ్య ఆమె వైపు ఒక్క క్షణం చూశాడు. మీట తిప్పాడు.

తెర మీద నవ్వు నిలిచిపోయింది. పెదవి దగ్గర గోధుమరంగు చుక్క ఒకటి పుట్టింది. చూస్తుండగానే అది చెంపకు పాకి, కళ్లకు పాకి, పొక్కుల్లా పొంగి పగిలింది. ముఖం ఉన్న చోట తెల్లటి వెలుగు. గోదామంతా కాలిన కమురు వాసన. బ్రహ్మయ్య దీపం ఆర్పి, చేతులు కాల్చుకుంటూ రీలును బయటికి లాగాడు. ఫిలిం రెండు ముక్కలై వేలాడింది.

గిరిజకు ఏడుపు వచ్చింది, ఏడవలేదు.

కిటికీ తెరిచారు. ఇన్‌స్పెక్టరు లేచి వచ్చి, ఆ ముక్కలు తీసుకుని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. కాలిన కొనకు అటు చూశాడు, ఇటు చూశాడు.

"కాలింది నాలుగైదు బొమ్మలు," అన్నాడు మెల్లగా. "ముందువీ తరవాతవీ బాగానే ఉన్నాయి. ఇంత చిన్న ముఖాలు నా కళ్లకు ఆనవు, నిజమే. అతికించి తెర మీద వేస్తే ఆనుతాయి. అతికించడం మీకు వచ్చుగా బ్రహ్మయ్యగారూ?"

బ్రహ్మయ్య రాదని చెప్పలేకపోయాడు. స్టూడియో బల్ల మీద పిల్లలందరికీ ఆయన నేర్పే రెండో పాఠం అదే.

ఇన్‌స్పెక్టరు రీలును దాని రేకు డబ్బాలో పెట్టి మూత నొక్కాడు. డబ్బాను జవాను చేతికిచ్చాడు.

"సూర్యాపేట అంగడిలో ఆట ఉందన్నారు. ఆట ఆగదు. ఆ రోజు ఈ డబ్బా నేనే తెస్తాను, నా కళ్ల ముందే అతికిద్దురు. చుట్టుపక్కల ఊళ్లన్నీ అంగడికి వస్తాయి. ఇక్కడివాళ్లు కూడబలుక్కుని నోరు మూసుకున్నారు, అక్కడ అంతమంది నోళ్లు ఎవరు మూస్తారు? బొమ్మ కనబడితే పేరు పెట్టి పిలవడం మీవాళ్ల అలవాటు కదా. ఎవరో ఒకరు పిలుస్తారు." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "మాటలు నువ్వే చెప్పాలమ్మాయ్. తెర వెనక కాదు, ముందు నిలబడి."

ఆ అంగడి కోసమే గిరిజ ఆర్నెల్లు కల కన్నది.

జీపు చప్పుడు దూరమైంది. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పాపయ్య పోతూ పోతూ గిరిజ ముందు ఆగాడు.

"మంచిగ తీసినవ్ బిడ్డా," అన్నాడు. "జర ఎక్కువనే మంచిగ తీసినవ్."

నరసయ్య బస్తా మీది నుంచి లేవలేదు. "మిల్లు ముంచినవ్ గదనే," అన్నాడు కూతురితో. తిట్టులా లేదు ఆ మాట, మొరలా ఉంది.

బ్రహ్మయ్య కాలిన వేళ్లను నీళ్ల చెంబులో ముంచి కూర్చున్నాడు. "అంగడికి ఇంకా నాలుగు రోజులున్నయి," అన్నాడు. "పేటలో మనవాళ్లున్నరు. ఊరూరికి నోటిమాట పంపిద్దాం, బొమ్మలో ఎవరు కనబడ్డా పిలవొద్దని. ఎవరూ పిలవకపోతే ఆయనేం చేస్తడు? చచ్చినోడు చచ్చినట్టే ఉంటడు."

గిరిజ తెర వెనక్కి వెళ్లింది. కొమురమ్మ కూర్చున్న చోటనే కూర్చుని ఉంది.

"కొమురక్కా, నన్ను తిట్టు. కొట్టు. నాకు తెల్వది. ఈదయ్య బతికున్నడని నాకు తెల్వనే తెల్వది."

"నీకే కాదు బిడ్డా, ఎవ్వలికి తెల్వది. నాకొక్కదానికే ఎరుక."

"బ్రహ్మయ్య మామ అందరికీ చెప్పి పంపుతడట. ఎవ్వరూ పేరు పిలవరు."

కొమురమ్మ తల అడ్డంగా ఊపింది. బొట్టు లేని నుదుటి మీద చెమట కారుతోంది.

"ఆయన సచ్చిండంటే పోలీసులు నా మాట నమ్మలే. మా అత్త కాటమ్మ ఏడుపు సూసి నమ్మిన్రు. ఆమె ఊరు ఆత్మకూరుల నేలవడి పొర్లి ఏడ్సింది. ఆ ఏడుపు నిజం ఏడుపు కావాల్నని, కొడుకు బతికున్నడని ఆమెకు ఇయ్యాల్టిదాక నేను చెప్పలే." ఆమె తెల్లగుడ్డ వైపు చూసింది. "అత్త ఎన్నడు తప్పకుంట పేట అంగడికి వస్తది బిడ్డా, పుంటికూర అమ్మనీకె. ఇప్పుడు చెబుదమంటే ఆత్మకూరు తొవ్వల మిలిట్రీ కూసుంది, అంగడికి వచ్చేటోళ్లను తప్ప సీమను కూడ పోనిస్తలేరు. సచ్చిన కొడుకు తెర మీద నవ్వంగ సూసి, ఏ తల్లి పేరు వెట్టి పిలవకుంట ఉంటది?"